బ్యాగుకు దొరికిన సీటు

సులోచన, నలభై తొమ్మిదేళ్లు, బస్సులో బ్యాగు జిప్పు మీద నుంచి చెయ్యి తీయదు. ఆ సులోచన నేనే. అలాంటి నేను మొన్న సిద్దిపేట బస్టాండులో ఆ బ్యాగును స్వయంగా ఒక తెలియని మగవాడి చేతిలో పెట్టాను. ఏమైందో వినండి!

జగదేవ్‌పూర్‌లో ఆడవాళ్ల సభ. నేను వక్తను. అంశం: తెలియనివాళ్లను నమ్మొద్దు. బస్సు రాగానే జనం తలుపు మీద పడ్డారు. కిటికీలోంచి దస్తీ, అదే చేతిరుమాలు, వేస్తే సీటు మనది, అది మా బస్టాండు చట్టం. నా దస్తీ ఇంట్లో ఉంది. లోపలున్న ఒక బక్కపలచని మనిషి, "బ్యాగియ్యక్కా, నేను పెడ్త" అన్నాడు. ఇచ్చేశాను. ఫోను, ఆధార్, ఉపన్యాసం అన్నీ అందులోనే!

తలుపు దగ్గర ఒకాయన మోచేత్తో నన్ను నెట్టాడు. ఊరుకుంటానా? పక్కకు లాగి క్లాసు మొదలుపెట్టాను. ఇంతలో బస్సు కదిలింది. ఆయన ఉరికి ఎక్కేశాడు. నేను వాక్యం పూర్తి చేస్తూ కిందే ఉన్నాను.

"దొంగ! దొంగ!" అని అరిచాను. ఒక ఆటో ఆగింది. "ఎక్కు మేడం, కొండపాకల అందుకుందాం." అడగకముందే ఎందుకు ఆగాడు? ఇద్దరూ ఒకే ముఠానేమో! అతని ఫోను తీసుకుని నా నంబరుకు చేశాను.

"అక్కా, యాడున్నవ్? సీటు ఆపిన."

జిప్పు తీశాడన్నమాట! "బ్యాగు ఎత్తుకపోయి సీటంటవా? పోలీసులకు చెప్త!"

"చెప్పక్కా, గని జల్ది రా. గీ సీటు కోసం బస్సంత నా మీద పడ్తున్నరు."

ఎంత తెలివైన దొంగ!

కొండపాకలో బస్సు ఆగి ఉంది. లోపల కాలు పెట్టే జాగ లేదు. ఒక్క సీటు మాత్రం ఖాళీ. అందులో నా బ్యాగు దర్జాగా కూర్చుంది. పక్కన చెమటలు కక్కుతూ ఆ మనిషి.

"నువ్వన్న కూసోవచ్చు గద?"

"ఆడోళ్ల సీటక్కా గది. నేనెట్ల కూసుంట?"

"ఆడోళ్లకే ఫ్రీ, బ్యాగుకు జీరో టికెట్ రాదు మేడం" అంది కండక్టరమ్మ.

"నీ సంచికున్న నసీబు నా మోకాళ్లకు లేకపాయె బిడ్డా!" అంది వెనక నిలబడ్డ అవ్వ.

నేనేం చేశాను? అందరి ముందూ జిప్పు తీసి ఒక్కొక్కటీ చూసుకున్నాను. అన్నీ ఉన్నాయి. సిగ్గుతో తలెత్తేసరికి అతను లేడు.

"ఆయన దిగే ఊరు ఎనుకనే పోయింది" అంది కండక్టరమ్మ. "నీ సీటు ఇడువలేక గీడిదాక వచ్చిండు."

కిటికీలోంచి చూస్తే, నేను దిగిన ఆటోలోనే వెనక్కి పోతున్నాడు. ఇద్దరూ ఒకే ముఠా అని ముందే అన్నాను కదా!

ఆటో అతని నంబరు నా ఫోనులో ఉంది. చేశాను. "అన్నా, ఆయనకొకసారి ఇయ్యవా?"

"దొంగకా మేడం?"

థ్యాంక్స్ చెప్పాను. "సీటు మంచిగున్నదా అక్కా?" అని అడిగాడతను. అప్పటికే అందులో అవ్వ కూర్చుందని చెప్పలేక, "మంచిగుంది తమ్మీ" అన్నాను, కమ్మీ పట్టుకుని వేలాడుతూ.

జగదేవ్‌పూర్‌లో గంటసేపు మాట్లాడాను, తెలియనివాళ్లను నమ్మొద్దని. అంతసేపూ నా బ్యాగు ముందు వరుసలో ఎవరో తెలియనామె ఒళ్లో ఉంది.