విరూర్ ఆడవాళ్ళు పాసైన సంగతి

మాజ్రి గనుల నుంచి బొగ్గు వేసుకొచ్చే గూడ్సు బండి విరూర్ స్టేషన్ దాటేటప్పుడు కుదుపుకు కొన్ని ముక్కలు రాలి పడేవి. ఊళ్ళో పేద ఆడవాళ్ళు గంపలు పట్టుకుని పట్టాల వెంట వాటిని ఏరుకునేవాళ్ళు. వాళ్ళలో సారక్క ఒకతె. కానీ ఆమె ఏరిన బొగ్గంతా పొయ్యిలోకి పోయేది కాదు. సన్నని ముక్కలు ఏరి పక్కన పెట్టుకునేది. వాటితో వాకిట్లో బండ మీద అక్షరాలు రాసేది.

చదువు మీద ఆమెకు అంత పట్టుదల ఊరికే రాలేదు. మొగుడు పోయిన ఏడాదే మరిది ఆమెను రాజూరా కచేరికి తీసుకెళ్ళి, చేను నీ పేర చేయిస్తానని ఒక కాగితం మీద వేలిముద్ర వేయించాడు. అది చేను వదులుకుంటున్నట్టు రాసిన కాగితమని విత్తనాల వేళకు గానీ ఆమెకు తెలియలేదు. అప్పటికి వేలి మీది సిరా ఎప్పుడో పోయింది. అయినా ఆ పూట బూడిద తెచ్చుకుని ఆ వేలిని ఎర్రబడేదాకా రుద్దుకుంది. మళ్ళీ జన్మలో ఏ కాగితం మీదా ఈ వేలు పెట్టనని అనుకుంది.

రాజూరా తాలూకా ఇంకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్న రోజుల్లోనే ఊళ్ళోకి ఒక సేవా మండలి వచ్చింది. జీతాల్లేని మనుషులు నడిపే సంఘం. బాపురావు అనే ఆసామి పత్తి కొట్టంలో దీపాలు పెట్టే వేళకు ఆడవాళ్ళకు తెలుగు బడి మొదలుపెట్టారు. అందరికంటే ముందు చదవడం పట్టుబడింది సారక్కకే. చెప్పే సర్కారు బడి పంతులుకు బదిలీ అయినప్పుడు, మండలి కార్యదర్శి అనంతరావు ఆమెనే చెప్పమన్నాడు. పగలంతా పత్తి ఏరిన చేతులతోనే సాయంత్రం మల్లవ్వ చెయ్యి పట్టుకుని దిద్దించింది. మల్లవ్వ మనవలున్న మనిషి. తన పేరు తాను రాసుకున్న రోజున ఆ పలక చెరపనివ్వకుండా చంకన పెట్టుకుని ఇంటికి పోయింది.

అంతలో రాష్ట్రాలు విడదీశారు. విరూర్ చేలూ, స్టేషనూ ఎక్కడివక్కడే ఉన్నాయి. తాలూకాను మాత్రం బొంబాయి రాష్ట్రంలో కలిపి, తర్వాత చాందా జిల్లాకు అప్పగించారు. చంద్రాపూర్‌ను అప్పుడు అందరూ చాందా అనేవాళ్ళు. ఎవరినీ అడిగి చేసింది కాదు. అడగదలచుకున్నా విరూర్ ఆడవాళ్ళ దాకా వచ్చేవాళ్ళు కారు. ఆ వెంటే మండలి పెద్ద ఆఫీసు కూడా చాందాకు మారింది.

ఒక సాయంత్రం అనంతరావు బడికి వచ్చి గడప మీదే కూలబడ్డాడు.

“సారక్కా, పై ఆఫీసోళ్ళు కొత్త లెక్క అడుగుతుండ్రు. ఇన్నేండ్లు పని చేస్తిరి, ఫలితమేంది, చూపియ్యుండ్రి అంటుండ్రు.”

“రమ్మను సారు. మల్లవ్వతోని పుస్తకం సదివిపిస్త.”

“తెలుగు సదువు లెక్కకు రాదట.”

“ఎందుకు రాదు?”

“లెక్క రాసుకునెటోనికి తెలుగు రాదు.”

వెనకనుంచి మల్లవ్వ అందుకుంది. “గట్లయితే సదువు రానిది గాయనకే గద సారు. మా బడికి తోలియ్యి. పలక నేనిస్త.”

ఆడవాళ్ళంతా నవ్వారు. అనంతరావు కూడా నవ్వబోయి ఆగిపోయాడు. దసరా దాటాక పరీక్షకు మనిషి వస్తాడనీ, మరాఠీ పుస్తకంలో పాఠం చదవాలనీ చెప్పాడు. చదవలేకపోతే ఈ బడి దండగని రాసి మూసేస్తారు. చదివితే నడుస్తుంది.

“దసరా లోపట మరాఠీ అక్షరాలు ఎట్ల నేర్పుత సారు? నాకే రావాయె.”

“మొదటి పాఠమే అడుగుతరు. అది బట్టీ పట్టిపియ్యి. ఒక్కసారికే సారక్కా. బడి నిలబడ్డంక మరాఠీ గూడ నిమ్మళంగ నేర్సుకుందురు.”

“సదవకుండనే సదివినట్టు చెయ్యాల్నా?”

అనంతరావు తల వంచుకున్నాడు. అతను చెడ్డవాడు కాదు. ఫలితం చూపించలేని పనిని పని అనరని పైవాళ్ళు అతనికి నేర్పారు. అతను వచ్చి సారక్కకు నేర్పాడు. బడి లేకపోతే ఈ పదిమంది మళ్ళీ కచేరిలో ఎవరు వేలు పట్టుకుంటే వాళ్ళకు ముద్ర వేస్తారు. ఆమె ఆలోచించింది అదొక్కటే. సరేనంది.

మరాఠీ వాళ్ళకు చెవికి కొత్తది కాదు. రాజూరా అంగట్లో బేరాలన్నీ అందులోనే. రానిది అక్షరమే. బతుకమ్మ ఆడేటప్పుడు పాట నేర్చుకునే పద్ధతే పెట్టింది సారక్క. ఒకరు చరణం అనాలి, మిగతావాళ్ళు అందుకోవాలి. చప్పట్లు కూడా కలిసేవి. పాఠం తొందరగానే నోటికొచ్చింది. ఏ మాటకు పేజీ మీద వేలు ఎక్కడుండాలో కూడా నేర్పింది. ఆవు బొమ్మ పక్కన మొదలుపెట్టి కిందికి రావాలి.

పరీక్ష రోజు చాందా నుంచి వచ్చిన సారు తిరుగు బండి టైమెంతో ముందే అడిగి కుర్చీలో కూర్చున్నాడు. మొదట మల్లవ్వను పిలిచాడు. ఆమె పుస్తకం ఒళ్ళో పెట్టుకుంది. ఆవు బొమ్మ పక్కన వేలు ఆనించింది.

“కమల్, పాణీ ఆణ్,” అంది. కమలను నీళ్ళు తెమ్మని.

“ఉయ్యాలో,” అన్నారు వెనకాల కూర్చున్న ఆడవాళ్ళంతా, బతుకమ్మ పాటకు పల్లవి అందుకున్నట్టు.

సారక్క వాళ్ళ వైపు తిరిగింది. వద్దని కళ్ళతో సైగ చేసింది. మల్లవ్వ గొంతు సవరించుకుని రెండో వాక్యం అందుకుంది.

“బాళా, గాయ్ బాంధ్.” పిల్లవాణ్ణి ఆవును కట్టెయ్యమని.

ఈసారి సగం మందే అన్నారు ఉయ్యాలో. వాళ్ళలో గౌరమ్మ అనే ఆమె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇదేమిటని మరాఠీలో అడిగాడు సారు. వాళ్ళు పాఠం చెప్పుకునే తీరే అంత అన్నాడు అనంతరావు. సారు ఒకసారి మల్లవ్వ వేలి వంక చూశాడు. ఒకసారి గడియారం వంక చూశాడు. అతనికి అంతా అర్థమైంది. కానీ అతనూ పైన ఎవరికో ఫలితం చూపించుకోవాలి. పేజీ తిప్పమని ఎవరినీ అడగలేదు. వరసన అందరినీ పాస్ చేసి బండి అందుకున్నాడు.

సంక్రాంతికి ముందు మండలి పెద్దలు సర్టిఫికెట్లు పట్టుకుని వచ్చారు. విరూర్ బడి ఆడవాళ్ళంతా అక్షరాస్యులయ్యారనీ, ఇక్కడ మండలి లక్ష్యం నెరవేరిందనీ ఉపన్యాసం చెప్పారు. లక్ష్యం నెరవేరింది కాబట్టి పలకలు, కందిలి దీపాలు, తెలుగు పుస్తకాలు కట్టగట్టి తీసుకుపోతామన్నారు. ఇంకో ఊళ్ళో అవసరమట.

సారక్క అనంతరావు దగ్గరికి నడిచింది. “ఫెయిలయితే మూస్తరంటివి సారు.”

“అవును.”

“మరి పాసయితిమి గద.”

పలకల కట్టకు తాడు బిగిస్తూ, ఆమె వంక చూడకుండా అన్నాడు. “పాసయినా మూస్తరని నాకు ఎర్కలేదు సారక్కా.”

సర్టిఫికెట్ ముట్టినట్టు సంతకం పెట్టమన్నారు. మల్లవ్వ కలం అందుకుంది. నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని, ఒక్కో అక్షరం నిలబెట్టి నిలబెట్టి తెలుగులో పేరు రాసింది. పెద్దలతో వచ్చిన గుమాస్తా దాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. అడ్డంగా గీత కొట్టేశాడు. సిరా డబ్బీ ముందుకు తోశాడు.

“అంగఠా లావ్,” అన్నాడు. బొటనవేలు పెట్టమని.

మల్లవ్వ సారక్క ముఖం చూసింది. మల్లవ్వ వేలు పెట్టింది. వెనకాల గౌరమ్మ పెట్టింది. చదువొచ్చిందని ఇచ్చే కాగితం కోసం, చదువొచ్చినవాళ్ళంతా వరసగా వేలిముద్రలు వేశారు.

సారక్క వంతు వచ్చేసరికి ఆమె బొటనవేలు పిడికిట్లో ఉంది.

“నేను పెట్ట.”

“సర్టిఫికెట్ రాదు సారక్కా,” అన్నాడు అనంతరావు మెల్లగా. “లెక్క చెడుతది.”

“చెడనియ్యి సారు.”

ఆ ఏటి నివేదికలో మండలి విరూర్ గురించి గొప్పగా రాసుకుంది. ఒక్కరు తప్ప అందరూ అక్షరాస్యులే. ఆ ఒక్కరు సారక్క. స్టేషన్లో ఎదురుపడ్డప్పుడు అనంతరావే ఆ మాట చెప్పి, బండి రాకముందే ప్లాట్‌ఫారం అవతలికి వెళ్ళిపోయాడు.

కొన్నాళ్ళకు మల్లవ్వ కొంగులోంచి మడతపెట్టిన కాగితం తీసింది.

“గిండ్ల ఏం రాసిండ్రో జర సదువు బిడ్డా.”

సారక్క విప్పి చూసింది. దండెం మీద ఆరేసిన బట్టల్లా పొడుగాటి గీతకు మరాఠీ అక్షరాలు వేలాడుతున్నాయి. ఒక్కటీ తెలిసింది కాదు.

“నీకు సదువొచ్చిందని రాసి ఉంటరు అవ్వా.”

“ఎవలకు చెప్పుదామని?”

సారక్క కాగితం తిరిగి ఇచ్చేసింది. మల్లవ్వ ఆ కాగితాన్ని ఉండచుట్టి, చలిగాలి వచ్చే తలుపు సందులో దోపింది. దూరంగా గూడ్సు బండి కూత వినిపించింది. ఇద్దరూ గంపలు తీసుకుని పట్టాల వైపు నడిచారు. సారక్క ఏరిన బొగ్గంతా ఇప్పుడు పొయ్యిలోకే పోతోంది.