నా ఒక్క శనివారపు మేనేజరుగిరీ

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. మెల్‌బోర్న్‌లో యూనివర్సిటీకి వెళ్తూ, మిగిలిన సమయమంతా ఎదుటివాళ్ల తప్పులు వెతకడానికే కేటాయించిన ఇరవై మూడేళ్ల మేధావిని. ఊరి శివారు క్లైడ్ నార్త్‌లో మన తెలుగువాళ్లం కొందరం బేస్‌బాల్ జట్టు ఒకటి పెట్టుకున్నాం (క్రికెట్ జట్లలో మాకెవరికీ చోటు దొరకలేదన్నది అసలు కారణం). మా మేనేజరు బెజవాడ అంకుల్. ఆయన చేసే పనేమిటో నాకు అర్థమయ్యేది కాదు. ఆట మొదలుకాగానే మడత కుర్చీ వేసుకుని వేరుశనక్కాయలు ఒలుచుకుంటూ కూర్చునేవారు. ఎవరైనా క్యాచ్ వదిలేస్తే "పర్లేదులే నాన్నా" అనేవారు. ఆయన స్థానంలో నేనుంటే ఏం చేసేవాణ్ణో ప్రతి శనివారం ఎవరో ఒకరి చెవిలో ఊదేవాణ్ణి. అది ఆయన చెవిన కూడా పడి ఉండాలి, ఓ వారం పెళ్లికని సిడ్నీ వెళ్తూ "ఈ శనివారం జట్టుని నువ్వు చూసుకోరా అబ్బాయ్" అన్నారు.

ఆ శనివారం మా వరంగల్ అన్నకి ఆఖరి మ్యాచ్. పెర్త్‌లో ఉద్యోగం వచ్చింది, సోమవారం ప్రయాణం. జట్టులో బంతి విసరడం నిజంగా వచ్చినవాడు ఆయనొక్కడే. "వారం వారం ఇల్లు వదిలి ఎటు పోతున్నవ్" అని నాలుగేళ్లుగా నిలదీస్తున్న వదినని బతిమాలి ఆ రోజు గ్రౌండ్‌కి రమ్మన్నాడు. "డ్యూటీ అయినంక మూడింటికి వస్తనన్నది తమ్మీ. నేనేం చేస్తనో ఒక్కపారి చూడాలె," అన్నాడు, కొత్త పెళ్లికొడుకులా సిగ్గుపడుతూ.

ఆట మొదలైంది. అన్న విసిరిన బంతి అవతలివాళ్లకి కనిపిస్తే ఒట్టు. తొమ్మిది ఇన్నింగ్స్‌లో మూడు అయ్యేసరికి అయిదు పరుగులు మావి, వాళ్లది సున్నా. అంకుల్ అయితే కాయలు ఒలుచుకునేవారు. నేను ఊరుకుంటానా? పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ క్రికెట్ చూసినవాణ్ణి. మంచి బౌలర్‌ని మధ్యలో ఆపి ఆఖరి ఓవర్లకి దాచుకోవాలని మా వీధిలో చంటిపిల్లాడికి కూడా తెలుసు. గ్రౌండ్ మధ్యకి నడిచి, అన్నని వెళ్లి బెంచీ మీద కూర్చోమని చెప్పి, ఇంకొకణ్ణి దింపాను.

"పక్కానా తమ్మీ?" అన్నాడు అన్న.

"పక్కా అన్నా. ఆఖర్లో నువ్వే," అన్నాను.

ఆయన బంతి నా చేతిలో పెట్టి, వెళ్లి కూర్చున్నాడు. కొత్తవాడి బంతుల్ని అవతలివాళ్లు పండగ చేసుకున్నారు. ఆధిక్యం కరిగి అయిదూ అయిదు కాగానే నేను హుందాగా అన్నని పిలిచాను. అంపైరు చెయ్యి అడ్డం పెట్టాడు. "సారీ మేట్, ఒకసారి బయటికి పంపిస్తే ఇవాళ్టికి అంతే."

ఆ రూలు జట్టులో అందరికీ తెలుసట. "మరి చెప్పలేదేం అన్నా?" అని గోలపెట్టాను. "రూల్స్ బుక్కు మొత్తం చదివిన అని చెప్పినవు కదా. తెలిసే తీసినవనుకున్న," అన్నాడు. (చదివింది ముందుమాట.)

సరిగ్గా అప్పుడే వదిన ఆసుపత్రి యూనిఫాంలోనే, టిఫిన్ డబ్బాతో వచ్చింది. ఆట సాగుతోంది, మొగుడు బెంచీ మీద ఉన్నాడు. ఆవిడ గంటసేపు చూసింది. ఆయన లేవలేదు.

"నాలుగేండ్లు గీ బెంచీ మీద కూసునుడుకేనా నువ్వొచ్చింది?"

తప్పు నాదని చెప్పడానికి ఒక్క మాట చాలు, అది రాలేదు. అన్న నావైపు చూసి, ఆవిడవైపు తిరిగి, "గిది కూడ ఆటనేనే. ఒకలు కూసోవాలె," అన్నాడు. మేం తొమ్మిది అయిదుతో ఓడిపోయాం.

సిడ్నీ నుంచి వచ్చిన అంకుల్ అంతా విని, "నాక్కూడా లేచి ఏదో ఒకటి చేసెయ్యాలనే ఉంటదిరా. చేతులు ఖాళీగా ఉండకూడదనే ఈ కాయలు," అన్నారు. మేనేజరు గొప్పతనం గెలుపు ఓటముల్లో ఉంటుందని అప్పటిదాకా అనుకున్నాను. చెయ్యకుండా ఆపుకున్న పనులెన్నో, తనవాళ్ల తప్పుల్ని ఎన్నిసార్లు తన నెత్తిన వేసుకున్నాడో చూడాలని ఆ వారం తెలిసింది. ఆ లెక్కన ఆ రోజు మా అసలు మేనేజరు బెంచీ మీద కూర్చున్నాడు.

ఇప్పుడు ఆఫీసు పని మీద పెర్త్ వెళ్లినప్పుడల్లా హారిస్‌డేల్‌లో వాళ్లింట్లోనే భోజనం. "మీ అన్న బెంచీ మస్తు కాపలా కాసెటోడు," అని వదిన ప్రతిసారీ నవ్వుతుంది. అన్న కంచంలోంచి తలెత్తడు. ఈసారి వెళ్లినప్పుడు ఆవిడకి నిజం తప్పకుండా చెప్పేస్తాను. (పోయినసారీ ఇలాగే అనుకున్నాను. ఆవిడ ఇంకో గరిటె పులుసు పోసింది, ధైర్యం చాల్లేదు.)