కంట్లో పువ్వున్న ఆవు

మా చిన్నప్పుడు... ఒక వానాకాలం, మా ఆవు ఎడమ కంటి నుంచి ఆగకుండా నీళ్ళు కారడం మొదలైంది. కంటి కొసన ఎప్పుడు చూసినా నాలుగైదు ఈగలు. పరికిణీ అంచుతో తోలేదాన్ని... చెయ్యి దించేలోపే మళ్ళీ వాలేవి.

దిష్టి తగిలిందన్నారు. నాయనమ్మ ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. పక్కింటి పెద్దాయన పొగాకు నమిలి, ఆ రసం దాని కంట్లో ఉమ్మాడు. పాపం, తల విదిలించుకుని గోడకు కొట్టుకుంది...

చివరికి పశువుల డాక్టరుగారు వచ్చి, రెప్ప పైకెత్తి చూపించారు. లోపల సన్నటి తెల్ల దారాల్లాంటి పురుగులు... కదులుతున్నాయి! "దిష్టీ కాదు, పాపమూ కాదు. ఈగ కన్నీళ్ళు తాగడానికి వాలి, పురుగు పిల్లల్ని వదిలిపోతుంది" అన్నారు. మందు చుక్కలు వేసి, తడి దూదితో ఒక్కొక్కటే తీశారు. పురుగులు పోయాయి గానీ కంట్లో తెల్లటి పువ్వు మిగిలిపోయింది.

ఆ ఏడే మేం కొత్త ఇల్లు కట్టుకున్నాం. ముందుగా అడుగు పెట్టాల్సింది గోవు. "కంట్లో పువ్వున్నది పనికిరాదు" అన్నారు పెద్దలు. ఎదురింటివాళ్ళ ఆవును తెచ్చి పసుపు కుంకుమలు పెట్టారు. మాది పెరట్లో కట్టేసి ఉంది. లోపల పూజ గంట మోగినప్పుడల్లా అరిచింది...

నెల తిరక్కుండా నాన్న దాన్ని సంతకు తోలేశారు. నాకప్పుడు పదేళ్ళు. తలుపు చాటున నిలబడి చూశాను.

పోయిన నెల ఇక్కడ అమెరికాలో, బెంటన్‌విల్‌లో మా అమ్మాయి గృహప్రవేశం. దగ్గర్లోని ఫార్మ్ నుంచి ఒకావిడ ట్రైలర్‌లో ఆవును తెచ్చింది. దాని ముఖానికి వలలాంటి ముసుగు. ఈగలు వాలకుండా ఆవులకూ గుర్రాలకూ తొడుగుతారట. పూజ కోసం ముసుగు తీయించాం... కుడి కంట్లో పువ్వు!

మా అమ్మాయి ఆవిడను అడిగి వచ్చింది. "లాస్ట్ ఇయర్ కంట్లో వార్మ్స్ వచ్చాయట అమ్మా. తీసేశారట. ఇప్పుడు హెల్దీయేనట."

మా వియ్యపురాలు మొహం చిట్లించింది. "శుభమా అని ఒంటికన్ను ఆవేంటండీ వదినగారూ! ఒరేయ్, ఇంకో ఫార్మ్‌కి కాల్ చెయ్యరా."

అల్లుడు అప్పుడే ఫోన్ తీశాడు. "ముహూర్తానికి ఇంకా ఫార్టీ మినిట్స్ ఉందమ్మా. ట్రై చేస్తా."

నేను గొంతు పెంచే మనిషిని కాను. గుళ్ళో కూడా వెనక వరసలోనే కూర్చుంటాను. కానీ ఆ రోజు ఆవు మెడ మీద చెయ్యి వేసి అన్నాను. "వదినగారూ, ఆవులో దేవతలందరూ ఉంటారని పిల్లలకు చెప్తాం కదా. కంట్లో పురుగు పడితే వాళ్ళంతా లేచిపోతారా? ఈ ఆవు లోపలికి రాకపోతే నేనూ రాను."

"అయ్యో, అంత మాటెందుకండీ!"

"అంతే మాట."

పంతులుగారు గొంతు సవరించుకున్నారు. "ఎవరో ఒకరు త్వరగా లోపలికి రండమ్మా. పన్నెండింటికి నాకు ఇంకో పూజ ఉంది."

"అయితే గరాజ్ దాకే అత్తయ్యా... హాల్లో వుడ్ ఫ్లోర్ కొత్తది" అన్నాడు అల్లుడు.

వినలేదు. బొట్టు పెట్టి, పెద్ద గుమ్మంలోంచే తీసుకెళ్ళాను. అది హాలు మధ్యకు వెళ్ళి తీరిగ్గా పేడ వేసింది! "శుభమే" అనక తప్పలేదు వదినగారికి.

ఇప్పుడు ఈగలకు ముసుగులొచ్చాయి, పురుగులకు మంచి మందులొచ్చాయి... ఆ రోజుల్లో డాక్టరుగారు వచ్చేదాకా మాకు పురుగని కూడా తెలియదు. కానీ జబ్బు పడి లేచిన ప్రాణిని అశుభం అనే నోరు మాత్రం సముద్రం దాటి మనతోపాటే వచ్చేసింది. పదేళ్ళప్పుడు ఊరుకున్నాను. ఇక ఊరుకోను.

మీ ఇంటి నుంచీ అలా సంతకు వెళ్ళిపోయిన పశువు ఉందా? ఉంటే దాని పేరు కింద రాయండి... మా దాని పేరు సీతాలు.