ఆర్విడ్ కుడిచెయ్యి

మోంటానా కొండదారిలో పట్టాల మీది మంచు తోసే పాతబండి బాగోగులన్నీ ఆర్విడ్‌వే. జూలైలో తోటివాళ్లు చేపలకు పోతే, అతనొక్కడే షెడ్డులో దాని కీళ్లకు గ్రీజు పూస్తుంటాడు. రోడ్డు పట్టాలను దాటే ప్రతిచోటా మీట ఎత్తాలి, లేకుంటే బండి కింద మంచు గీకే పలక రోడ్డుకు తగిలి విరుగుతుంది. ఆ అలవాటు ఎంత ముదిరిందంటే, కారులో పోతున్నా అలాంటి చోట అతని కుడిచెయ్యి గాలిలోకి లేస్తుంది.

జనవరిలో ఓ ఉదయం కొండ మీద రైలు మంచులో చిక్కుకుంది. మంచుబండిని వెనకనుంచి తోసే ఇంజను నడిపే డార్లా అతన్ని తీసుకుపోవడానికి వాకిట్లో మంచుకు అడ్డంపడి నడిచొచ్చింది.

"ఏం పెద్దాయనా, కొండంతా ఊడ్చేవాడివి, నీ వాకిట్లో మోకాటిలోతు మంచేంటి?"

"ఎవరొస్తారని తియ్యాలమ్మా? పొద్దున నా అడుగులు దిగిన గుంతల్లోనే సాయంత్రం తిరిగొస్తా."

బండి మొరాయించలేదు, రైలు బయటపడింది. సాయంత్రం ఆర్విడ్ తన పాత గుంతల్లోనే అడుగులు వేసుకుంటూ వస్తున్నాడు. పొద్దుటి డార్లా అడుగులు వాటిని అడ్డంగా దాటిన చోట, అతని కుడిచెయ్యి దానంతటదే పైకి లేచింది.