సుభద్ర గారి మొదటి క్లాసు

బేరంలో నన్ను మించినవాళ్లు చిక్కడపల్లిలో లేరని నేను ఒప్పుకుని చాలా కాలమైంది. మీరూ ఒప్పుకోవాలంటే ఈ ఒక్క సంగతి చాలు: నేర్పుతాను రమ్మని పిలిచిన మనిషితో బేరమాడి, నేర్చుకోకుండా బయటపడ్డాను. అదీ తగ్గింపు ధరకు! ఇంత నేర్పుగా నష్టపోయినవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి, వచ్చి దండ వేస్తాను.

మొన్న చవితికి ముందు నారాయణగూడలో మట్టి గణపతులు అమ్మే ఆమె దగ్గర ఆగాను. విగ్రహం చేతిలోకి తీసుకుని తొండం వంకరగా ఉందంటూ మొదలుపెట్టాను. వంక పెట్టనిదే ధర దిగదని మా ఇంట్లో పిల్లలకు మాటలతో పాటే నేర్పుతారు. ఆమె పక్కనున్న పచ్చిమట్టి మీది గోనెపట్టా ఎత్తి నీళ్లు చిలకరించింది. ఆ వాసన తగలగానే నా మాట ఆగిపోయింది. "ఏందక్కా, సప్పుడు చేస్తలేవు? ఎంతిస్తవో చెప్పు" అని ఆమె అడుగుతూనే ఉంది. అడిగినంతా ఇచ్చి వచ్చేశాను. ఇంట్లో తెలిస్తే ఒంట్లో బాగాలేదనుకునేవారు. అది అశోక్‌నగర్‌లో సుభద్ర గారి కారు షెడ్డు వాసన.

సుభద్ర గారిది కాకినాడ వైపు. పెళ్లయ్యాక భర్త ఉద్యోగం వెంట హైదరాబాదు వచ్చి, తనూ ఒక ఆఫీసులో చేసి రిటైరయ్యారు. ఆయన పోయాక కారు అమ్మేసి, ఆ షెడ్డులో మోటారుతో తిరిగే కుమ్మరి చక్రాలు పెట్టుకుని ఆదివారాలు క్లాసులు చెప్పేవారు. సన్నటి మనిషి, కళ్లద్దాల మీద ఎప్పుడూ మట్టి చుక్కలు. మాది చిక్కడపల్లిలో స్టీలు సామాన్ల దుకాణం. పొద్దస్తమానం ఎవరో చేసిన గిన్నెలు అమ్మీ అమ్మీ, నా చేత్తో నేనొక్కటి చేస్తే ఎట్లా ఉంటుందో చూడాలని పోయాను.

అక్కడి పద్ధతి మా దుకాణం పద్ధతికి పూర్తిగా తలకిందులు. మొదటి క్లాసు అంటే కొన్ని ఆదివారాల కోర్సు, అందులో చేసినదేదీ కాల్చే బట్టీలోకి వెళ్లదు. చేసిన గిన్నెను ఎవరికి వారే తీగతో పైనుంచి కిందికి నిలువుగా కోసి, గోడ ఎంత మందం వచ్చిందో చూసి, మట్టిని మళ్లీ బకెట్లో వేసేయాలి. నాకు ప్రాణం ఉసూరుమంది.

"మేడం, సరుకంతా గిట్ల కోసేస్తే గిరాకీకి ఏం చూపెడతం?"

"ముందు నువ్వు చూడమ్మా. అడుగున ఎంత మట్టి వదిలేశావో చూడు. పైకి వచ్చేసరికి కాగితం! ఎందుకంత తొందర?"

క్లాసు అయిపోయాక తరువాత ఏమిటని అడిగితే, ఎవరికైనా ఒకటే జవాబు. "మొదటి క్లాసు మళ్లీ కూర్చోండి." నా పక్కన కాచిగూడ బ్యాంకులో పనిచేసే యాదగిరి అన్న అప్పటికి ఎన్నోసారో కూర్చున్నాడు. "ఏందన్నా, ఏ సబ్జెక్టుల పోయింది?" అని ఏడిపించాను. "మట్టిలనే పోయిందక్కా" అని నవ్వి మళ్లీ వంగాడు. సుభద్ర గారు విన్నారు. "పోటీ పరీక్షలకు మళ్లీ మళ్లీ కూర్చునే పిల్లలతో మా వీధంతా నిండిపోయి ఉంటుంది. మా అశోక్‌నగర్‌లో ఒక్కసారితో పాసైనవాణ్నే వింతగా చూస్తారు. నీకెందుకమ్మా నామోషీ?"

నామోషీ కాదు, అనుమానం. ఇంటికొచ్చి చెబితే, పార్సిల్ కడుతున్న మా బాపు తల కూడా ఎత్తలేదు. "ఒక్క సరుకును రెండుసార్లు అమ్ముతుందంటే ఆమె మనకన్నా పెద్ద సేటు, బిడ్డా" అన్నాడు. దాంతో నాకు లెక్క కుదిరింది. ఎదురుగా ఉన్నది పంతులమ్మ కాదు, వ్యాపారి. వ్యాపారితో ఎట్లా మాట్లాడాలో నాకు ఒకరు నేర్పాలా?

కొత్త బ్యాచి చేర్చుకునే రోజు, షెడ్డు తలుపు తీస్తుండగానే వెళ్లి నిలబడ్డాను.

"మేడం, బోణీ బేరం. కాదనొద్దు. బోణీకి వచ్చినోళ్లను వాపస్ పంపితే దినమంతా గిరాకీ ఉండదు."

"ఇదేమన్నా కొట్టా అమ్మా?"

"గిన్నెలు కాల్చే క్లాసుల కూర్చోబెట్టుండ్రి. మొదటిది మళ్లా నాతోని కాదు. ఫీజు కూడా జర చూసి తీసుకోండ్రి."

ఆమె నన్నే చూస్తూ కొంగుకు చేతులు తుడుచుకున్నారు. "మొదటిసారి అందరూ గిన్నె చేసేద్దామని కూర్చుంటారు పద్మా. రెండోసారికి ఆ ఆశ తగ్గుతుంది. అప్పుడు గానీ చేతులకు మట్టి తెలియదు. నా మాట విను."

"వింటున్న మేడం. కానీ దుకాణం ఉన్నది, టైం లేదు."

బోణీ మాటకు దుకాణదారుడైతే లొంగడం రివాజు. ఏ దుకాణమూ లేని ఆమె ఎందుకు లొంగారో నాకు ఇప్పటికీ తెలియదు. "సరే, నీ ఇష్టం. నా పక్క చక్రం మాత్రం మొదటి క్లాసులో ఖాళీగానే ఉంచుతాను. మనసు మారితే వచ్చి కూర్చో" అన్నారు. ఆ మాటను నేను ఎర అనుకున్నాను. ఆమెను ఎట్లా దించానో దుకాణానికి వచ్చినవాళ్లందరికీ అభినయించి మరీ చెప్పాను.

పై క్లాసులో నా మట్టిముద్ద ఒక్కనాడూ చక్రం మధ్యలో నిలవలేదు. అది మధ్యకు రాకపోతే పైన ఏం చేసినా వంకరే. ముద్ద ఊగుతుంటే నా మోచేతులూ దానితో పాటే ఊగేవి. సుభద్ర గారు వెనకనుంచి వచ్చి నా చేతుల మీద తన చేతులు పెట్టేవారు. చల్లగా, గట్టిగా ఉండేవి. ముద్ద నిద్రపోయినట్టు నిలిచిపోయేది. తీయగానే మళ్లీ ఊగేది. అట్లా అరువు చేతులతో చేసినవే బట్టీలో కాలి, ఇంటికి వచ్చాయి. "అక్కా, నీ గిన్నె కూడా నీ దిక్కే ఒరిగింది, తక్కెడ లెక్క" అన్నాడు, మొదటి క్లాసు ముగించుకుని పోతూ యాదగిరి అన్న.

ఒకసారి త్వరగా వెళితే మొదటి క్లాసు ఇంకా నడుస్తోంది. సుభద్ర గారు కొత్తవాళ్లతో పాటు తనూ చక్రం ముందు కూర్చుని ఆ మొదటి గిన్నే చేస్తున్నారు. పక్క చక్రం ఖాళీగా, తుడిచి ఉంది. ఆమె గిన్నె ముత్యంలా వచ్చింది. తీగ తీసి నిలువునా కోసేశారు.

"మీకెందుకు మేడం ఈ క్లాసు?"

"నేనూ మళ్లీ కూర్చున్నానమ్మా. ఇదిగో, అడుగూ గోడా కలిసే ఈ మూల కాస్త బరువు ఉండిపోయింది. ఎప్పుడూ చేయని తప్పు, ఇవాళ చేశాను." పిల్లలు దొరికిన గవ్వను చూపించినట్టు చూపించారు.

ఆ పూటే నాకు అర్థమైంది, మళ్లీ కూర్చోవాలని. అయితే అర్థం కావడం వేరు, బేరం వేరు. బేరంలో ముందు నోరు తెరిచినవాళ్లు ఓడిపోతారు. ఆమే పిలవాలి. పిలిస్తే, ఏదో ఆమె కోసమన్నట్టు వెళ్లి కూర్చుంటాను. పై క్లాసు ముగిసింది; శ్రావణమాసం పెళ్లిళ్ల గిరాకీ పోనీ అనుకున్నాను, తరువాత ధనత్రయోదశి పోనీ అనుకున్నాను. స్కూటీ మీద ఆ వీధిలో పోతూ గేటులోంచి ఖాళీ చక్రం కనిపిస్తే, నా ధర ఇంకా నిలబడే ఉందని సంతోషించాను కూడా. ఆమె పిలవలేదు. రమ్మని ఒకసారి చెప్పారు కదా, ఇంకా ఎందుకు పిలుస్తారు?

యాదగిరి అన్న ఫోన్ దుకాణంలో ఉండగా వచ్చింది. "అక్కా, సుభద్ర మేడం పోయిండ్రు. రెండు దినాలు దవాఖానల ఉన్నరంతే." అతనే ఇంకా చెప్పాడు, "నీ చక్రం మీద ఇంకొకల్లను కూర్చోబెడదమంటే వద్దన్నరు. పద్మ వస్తది, జర ఆగుండ్రి అన్నరు." ఎదురుగా ఒకామె స్టీలు బిందెకు తగ్గించమని అడుగుతోంది. ఎంత చెప్పానో గుర్తులేదు.

ఇప్పుడు బాగ్ లింగంపల్లిలో ఒక అమ్మాయి మేడ మీద చక్రం నేర్పుతుంది. అక్కడ మొదటి క్లాసులో చేరాను. అయిపోయాక మళ్లీ చేరాను. "ఆంటీ, మీరు పై క్లాసుకు వచ్చేయండి, కావాలంటే డిస్కౌంట్ ఇస్తాను" అంటుంది పాపం. వద్దంటాను. పోయిన ఆదివారం ముద్ద నా అరచేతుల కింద కదలడం మానేసింది. చక్రం ఆగిందేమోనని కిందికి చూశాను. తిరుగుతూనే ఉంది. గిన్నె లేపాను, కోశాను, గోడ చూశాను. పక్కకు తిరిగి చూపించబోయాను. పక్కన ఎవరో కాలేజీ కుర్రాడు ఫోన్ చూసుకుంటున్నాడు.

అబద్ధం లేకుండా లెక్క చెబితే ఇదీ. ముద్దను మధ్యకు తేవడం వచ్చింది. సుభద్ర గారు లేకుండానే వచ్చింది, ఈ అమ్మాయీ బాగానే నేర్పుతుంది. కాబట్టి విద్య పోలేదు. మిగుల్చుకున్న ఫీజు ఏ ఖర్చులో కలిసిపోయిందో కూడా తెలియదు. పోయినవి ఆమె పక్కన కూర్చోవలసిన ఆదివారాలు. ఆమె తన గిన్నె కోసి తన తప్పు చూపిస్తే, నేను నాది కోసి నాది చూపించవలసిన పూటలు. అవి నా ఒక్కదాని నష్టమైతే భరించేదాన్ని. పద్మ వస్తుందని ఆ చక్రాన్ని తుడిచి ఉంచిన మనిషికి కూడా అవి దక్కలేదు. కొన్నవాళ్లకో అమ్మినవాళ్లకో ఎంతో కొంత మిగలని బేరం మా ఇంట్లో ఎవరూ చేసి ఎరగరు. నేను చేశాను.