క్రిస్మస్ కేసెట్టు తీసుకెళ్లినవాడు

బర్మాలో, రంగూన్ నగరం చౌక్తడా పేటలో మాది పాటలు కాపీ చేసే కొట్టు. బయటి సరుకేదీ దేశంలోకి రాని రోజులవి. ఓడవాళ్లు తెచ్చిన ఒక్క కేసెట్టు నుంచే ఊరంతటికీ కాపీలు తీసేవాళ్లం. ఖాళీ కేసెట్లకు కరువు కాబట్టి, నెలలోపు వచ్చి తీసుకెళ్లనివాళ్లది చెరిపేసి ఇంకొకరికి ఇచ్చేసేవాళ్లం. ఒకరిది ఇంకొకరికి పోకుండా, కేసెట్టు మొదట్లో ఎవరి పేరు వాళ్లే మైకులో చెప్పాలి. అది మా నాన్న పెట్టిన పద్ధతి.

ఎనభై ఎనిమిదిలో సైనిక ప్రభుత్వం మీద ఊరేగింపులు జోరుగా సాగుతున్నప్పుడు, మా వీధి చివరి తెలుగు క్రైస్తవుల కుర్రాడు ఓడవాళ్ల దగ్గర ఒక అమెరికా కేసెట్టు సంపాదించి కాపీ తీయమని తెచ్చాడు. ఎవరో నల్లజాతి గాయకుడు సోల్ బాణీలో పాడిన క్రిస్మస్ పాటలు. వానాకాలంలో క్రిస్మస్ ఏమిట్రా అన్నాను.

"ఆకరి పాట ఇను. యుద్దాలాగిపోవాల, అందరి పిల్లలూ ఇంటికి రావాల అంటన్నాడు. డిసెంబర్లో మాయమ్మకిస్తాను," అన్నాడు. మైకులో తన పేరు చెప్పి, "ఇది మాయమ్మది" అని కూడా చేర్చాడు.

మర్నాడు ఊరేగింపుకు వెళ్లాడు. కాల్పులు జరిగాయి. ఇంటికి రాలేదు. మేము కొట్టు నెలకు పైగా మూసేశాం. తెరిచిన రోజున ఎవరో బర్మా సినిమా పాటలు అడిగితే, గడువు దాటిన కేసెట్టొకటి తీసి చెరిపేశాను. ఎవరిదో విననైనా లేదు. సాయంత్రం అలమరలో వెతికితే అతని కాపీయే లేదు.

డిసెంబర్లో వాళ్లమ్మ వచ్చింది.

"బాబూ, మావోడు కేసెట్టిచ్చినాడంట గదా. పేరు సెప్పించుకుంటారంట గదా మీరు. ఆడి గొంతొకసారి ఇనిపించు."

చెరిపేశానని చెప్పడానికి నోరు రాలేదు. "తీసుకెళ్లిపోయాడు పిన్నీ," అన్నాను.

"ఎప్పుడు?"

"కొట్టు తెరిచాక."

కాలు జారితే తీసుకోవచ్చు, నోరు జారితే తీసుకోలేమని మా నాన్న ఊరికే అనలేదు. కాల్పులయ్యాక నెల దాటాకే తెరిచామని వీధంతటికీ తెలుసు; అంటే అప్పటికి అతను బతికే ఉన్నాడన్నమాట. ఆవిడ బల్ల పట్టుకుని నిలబడింది.

"ఏ సొక్కా ఏసుకున్నాడు?"

"నీలం."

"ఆడే," అంది.

అప్పట్నుంచి అన్నం క్యారేజీ పట్టుకుని రైలెక్కి, ఊరేగింపుల్లో పట్టుబడ్డవాళ్లను పెట్టే ఇన్సేన్ జైలు గేటుకు వెళ్లేది. లేడు పొమ్మంటే మర్నాడు మళ్లీ వెళ్లేది. తను సరిగ్గా తినడం మానేసింది, పుల్లలా ఎండిపోయింది. చూస్తూనే ఉన్నాను. సిగ్గుపడాలి కదా, ఏమీ అనిపించేది కాదు. తిమ్మిరెక్కిన కాలుతో నడిచినట్టు రోజులు గడిచాయి.

అసలు కేసెట్టు మా దగ్గరే ఉండిపోయింది. ప్రతి డిసెంబర్లోనూ ఆవిడ వచ్చి ఆఖరి పాట పెట్టించుకునేది. విన్నాక, "మళ్లీ సెప్పు బాబూ," అనేది. నీలం చొక్కా పిన్నీ, అనేవాణ్ని.

ఆరో ఏడు అడగకముందే నేనే అన్నాను, "నిన్ను అడిగానని చెప్పమన్నాడు పిన్నీ."

"ఏటన్నాడు?"

"అన్నం తిన్నావా అని."

ఆవిడ కొట్లోనే కింద కూర్చుంది. కొడుక్కని తెచ్చిన క్యారేజీ విప్పి, మెతుకు మిగల్చకుండా తినేసింది.