పెద్దోడి బండి మిస్సింగు

ఉప్పెన వచ్చి వెళ్ళిన తర్వాతి ఎండాకాలంలో, బెజవాడ ఆటోనగర్‌లోని నా మెకానిక్ షెడ్డుకు ఒక పికప్ వ్యాను వచ్చింది. తోలుకొచ్చిన కుర్రాడిది కూచిపూడి అవతల ఒక నేతగాళ్ళ ఊరు. అన్నదమ్ములిద్దరూ ఊళ్ళో మగ్గాల మీద నేసిన చీరలు కొని బెజవాడ కొట్లకు వేసేవారు. బండి నడిపేది అన్న. ఉప్పెన రోజున అతను ఒక కొత్త బేరానికి సరుకుతో దివిసీమ వైపు వెళ్ళాడు. నీళ్ళు తీశాక బండి ఒక వరిచేలో ఒరిగి కనిపించింది. మనిషి దొరకలేదు.

ఇదంతా తమ్ముడు బానెట్ ఎత్తకముందే చెప్పాడు. ఇంజను ఇంకెక్కడో విప్పించి కడిగించాడట. నడుస్తోంది గానీ స్లోలో మిస్సింగు కొడుతోంది, మధ్యమధ్య తడబడుతూ. ఉప్పునీళ్ళు తాగిన ఇంజను కదా, ఆమాత్రం ఉంటుందన్నాను.

"ఇది ముందునుంచీ ఉన్నదేనండీ. అన్నయ్య పట్టించుకునేవాడు కాదు. ఇప్పుడు నేను సందు తిరగ్గానే ఆ చప్పుడు విని మా అమ్మ లేచి అన్నయ్యకి కంచం పెడుతోంది. దిగింది నేనని చూసి తీసేస్తోంది. రోజూ ఇదేనండీ" అన్నాడు.

ఇంజను స్టార్ట్ చేసి ప్లగ్గు వైర్లు ఒక్కొక్కటే పీకి చూశాను. చివరి సిలిండరు వైరు తీసినా చప్పుడులో తేడా రాలేదు. పని చేయనిది అదేనన్నమాట. ప్లగ్గు మార్చినా లాభం లేకపోయింది. తీసిన ప్లగ్గు మొన సున్నం రాసినట్టు తెల్లగా ఉంది. అంటే ఆ సిలిండరుకు పెట్రోలు తక్కువ, గాలి ఎక్కువ అందుతోంది. కార్బురేటర్ విప్పి కడిగాను. అదీ కాదు. అప్పుడు, పెట్రోలూ గాలీ కలిసి లోపలికి పోయే మానిఫోల్డు అతుకు మీద ఆయిల్ చుక్కలు వేశాను. ఇంజను ఒక్కసారిగా కుదురుగా తిరిగింది. ఆయిల్ ఇంకిపోగానే మళ్ళీ తడబడింది.

మానిఫోల్డు విప్పి చూస్తే అంచున సన్నని పగులు. దాని మీద ఎవరో ఎప్పుడో లప్పం పెట్టి బొటనవేలితో అదిమారు. లప్పం రాయిలా గట్టిపడి ఒక పక్క బీటలిచ్చింది గానీ, వేలి గీతలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇన్ని నీళ్ళు పైనుంచి పోయినా చెరగలేదు. అది అన్నయ్య పనేనన్నాడు తమ్ముడు. తన వేలు ఆ గుంటలో ఆనించి చూశాడు. తర్వాత గీకెయ్యమన్నాడు. గీకేశాను. పగులుకు వెల్డింగు పెట్టించి, కొత్త ప్యాకింగు వేశాను. బండి చప్పుడు లేకుండా వెళ్ళిపోయింది.

వానలు మొదలయ్యాక అతను మళ్ళీ వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు.

"ఇప్పుడు బండి గుమ్మం ముందు ఆగినా అమ్మ చెవికి ఆనడం లేదండీ. ఎదురుగా నిలబడ్డా, బండి ఇంకా రాలేదేంటని నన్నే అడుగుతోంది. మళ్ళీ ఎప్పట్లా చెయ్యండి."

బాగున్న ఇంజన్ను చెడగొట్టడం నాకు అంతకుముందు తెలియదు. ఇంజను తిరుగుతుండగా, సందులోంచి గాలి చొరబడేలా మానిఫోల్డు నట్టు కొంచెం కొంచెంగా వదులు చేస్తూ అతని మొహం చూశాను. ఒకచోట అతను కళ్ళు మూసుకుని తలూపాడు. అక్కడ ఆపాను. దారిలో నట్టు ఊడిపోతుందేమోనన్న భయంతో నేనూ బండెక్కాను.

మేం ఊరు చేరేసరికి దీపాలు పెడుతున్నారు. సందు తిరగ్గానే ఆమె గుమ్మంలోకి వచ్చింది. బక్కపలచని మనిషి. చేతులకు నూలు గంజి అంటుకుని ఉంది.

"వచ్చావా పెద్దోడా" అంది.

అతను ఒక్క క్షణం నావైపు చూశాడు. "వచ్చానమ్మా" అన్నాడు.

లోపల రెండు కంచాలు పెట్టింది. అతను మొదటి కంచం ముందు కూర్చున్నాడు. ఆమె అన్నం వడ్డించి, రెండో కంచం దగ్గర ఆగి వీధి వైపు చూసింది.

"చిన్నోడేడిరా? నీతో రాలేదా?"

"వస్తాడులే అమ్మా" అన్నాడతను, అన్నం కలుపుతూ.

ఆమె నన్ను కూడా తినమంది. ఆ రెండో కంచం ముందు కూర్చోలేక, బస్సు వెళ్ళిపోతుందని చెప్పి బయటపడ్డాను. ఆ తర్వాత అతను బ్రేకులకనీ క్లచ్చుకనీ చాలాసార్లు షెడ్డుకు వచ్చాడు. ఆ నట్టు జోలికి మాత్రం నేను పోలేదు, అతనూ బిగించమని చెప్పలేదు.